కాస్త నడిచొస్తాను

వాట్సాప్‌లో ఒక ఫార్వర్డు ఏడాదికో రెండేళ్ళకో తిరిగి తిరిగి వస్తుంటుంది. మీకూ వచ్చే ఉంటుంది. నలుపు తెలుపు ఫోటోలో ఒక ముసలావిడ, కాళ్ళకి కాన్వాసు బూట్లు, భుజాన ఒక గుడ్డ సంచి. కింద నాలుగు ముక్కలు: వయసు 67, పిల్లలు 11 మంది, మనవలూ మనవరాళ్ళూ 23 మంది, ఒంటరిగా 2,050 మైళ్ళు నడిచింది. ఆ తర్వాత తప్పనిసరిగా ఒక ప్రశ్న ఉంటుంది. ఆవిడ చేయగలిగినప్పుడు మీరెందుకు చేయలేరు?

ఆ నాలుగు ముక్కల్లో ఒక్కటీ అబద్ధం కాదు. చిక్కంతా ప్రశ్న దగ్గరే. పన్నెండేళ్ళుగా కుర్చీలో కూచుని కోడు రాసుకుంటూ నడుము చుట్టూ ఒక టైరు పెంచుకున్న నాలాంటివాడు ఆ ప్రశ్న చదివితే సిగ్గుపడి ఫోను పక్కన పడేస్తాడు, లేదంటే మర్నాడే పౌరుషంగా కొండెక్కి మోకాలు పాడుచేసుకుంటాడు. నేను ఆ రెండు పనులూ చేశాను. ఆ తర్వాతే ఆవిడ గురించి కూచుని చదివాను. చదివాక అర్థమైంది, ఆ ఫార్వర్డు రాసినవాడికి ఆవిడ కథలో సగం తెలీదు. తెలీని సగమే నాలాంటి వాళ్ళకి పనికొచ్చేది.

ఆవిడ పేరు ఎమ్మా గేట్‌వుడ్. ఒహాయో రాష్ట్రంలోని గాలియా కౌంటీలో 1887 అక్టోబరు 25న పుట్టింది. పదిహేను మంది సంతానంలో ఒకతె. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. 1907లో, పందొమ్మిదేళ్ళ వయసులో, పి.సి. గేట్‌వుడ్ అనే ఆయనతో పెళ్ళయింది. ఆయన చదువుకున్నవాడు, బడిలో పాఠాలు చెప్పినవాడు, తర్వాత పొగాకు పండించాడు. పెళ్ళయిన కొన్ని నెలలకే కొట్టడం మొదలుపెట్టాడు. అది ముప్పై ఏళ్ళకు పైగా సాగింది. పొలంలో కంచెలు వేయడం, పొగాకు నారుమళ్ళు కాల్చి సిద్ధం చేయడం, సిమెంటు కలపడం, పదకొండు కాన్పులు, వీటన్నిటి మధ్యా దెబ్బలు. పిచ్చాసుపత్రిలో పడేయిస్తానని బెదిరింపులు. ఇంట్లో ఉండలేనప్పుడు ఆవిడ అడవిలోకి వెళ్ళిపోయేది. చీకటిపడేదాకా అక్కడే తిరిగి మళ్ళీ వచ్చేది.

ఆఖరి గొడవలో ఆయన ఆవిడ పళ్ళు విరగ్గొట్టాడు, పక్కటెముక చిట్లింది. ఆవిడ చేతికందిన పిండి బస్తా తీసి ఆయన మీదికి విసిరింది. పోలీసులు వచ్చి అరెస్టు చేసింది ఆవిడనే. ఆ ఊరి మేయరు ఆవిడ మొహం చూసి జైలు నుంచి బయటికి తెచ్చి కొన్నాళ్ళు ఆశ్రయమిచ్చాడు. 1941లో విడాకులు వచ్చాయి. అప్పటికి ఆవిడకి 53 ఏళ్ళు.

ఈ భాగమంతా 1955 నాటి పత్రికల్లో ఎక్కడా కనిపించదు. విలేఖరులు అడిగితే తాను వితంతువునని చెప్పేది. పి.సి. గేట్‌వుడ్ 1968 దాకా బతికే ఉన్నాడు. బెన్ మాంట్‌గొమెరీ అనే పాత్రికేయుడు 2014లో ఆవిడ జీవితం మీద పుస్తకం రాసేదాకా, కుటుంబం బయట ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఇక ఆ దారి. అపలాచియన్ ట్రెయిల్ అని పేరు. అమెరికా తూర్పు వైపున్న కొండల మీదుగా దక్షిణాన జార్జియా నుంచి ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా పద్నాలుగు రాష్ట్రాల్లో సాగే కాలిబాట. దాన్ని ఊహించింది బెంటన్ మెకాయ్ అనే అటవీశాఖ మనిషి, ప్లానరు. 1921 ఏప్రిల్‌లో ఆయన భార్య జెస్సీ ఆత్మహత్య చేసుకుంది. ఆ వేసవిలో న్యూజెర్సీలో ఒక స్నేహితుడి దగ్గర తలదాచుకుని ఆయన ఈ ప్రతిపాదన రాశాడు. అక్టోబరులో అది అమెరికా ఆర్కిటెక్టుల సంఘం పత్రికలో అచ్చయింది. చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది. అందులో సాహసం గురించీ కండబలం గురించీ పెద్దగా ఏమీ ఉండదు. ఫ్యాక్టరీల్లో, నగరాల్లో నలిగిపోయిన మనిషికి ఏడాదిలో ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది, ఆ రోజుల్ని ఎక్కడ గడిపితే కోలుకుంటాడు అన్న లెక్క ఉంటుంది. దారి పక్కన శిబిరాలు, చిన్న చిన్న వ్యవసాయ క్షేత్రాలు, అక్కడ కలిసి పనిచేసుకునే జనం, ఇదీ ఆయన కల. మొత్తం దారిని ఒకే ఊపులో ఎవరైనా నడవాలన్నది ఆయన ఉద్దేశం కాదు. ఎంత త్వరగా నడిచామని గొప్పలు చెప్పుకునేవాళ్ళని చూసి, బహుమతి ఇవ్వాల్సొస్తే అందరికంటే ఎక్కువ రోజులు తీసుకున్నవాడికి ఇస్తానని తర్వాతెప్పుడో అన్నాడు.

కలకన్నది మెకాయ్ అయితే కట్టించింది మైరన్ ఏవరీ అనే లాయరు. ఇద్దరికీ పడలేదు, ఆ గొడవలు ఇక్కడ మనకి అక్కర్లేదు. దారి పొడవు కొలిచే చక్రం తోసుకుంటూ ఏవరీ విడతలు విడతలుగా మొత్తం దారి నడిచాడు. 1937 ఆగస్టులో మెయిన్‌లో చివరి ముక్క పూర్తయింది. ఒకే సీజనులో మొత్తం నడవడం మనిషికి సాధ్యం కాదేమోనని ఆ సంఘం వాళ్ళే అనుకుంటున్న రోజుల్లో, 1948లో, ఎర్ల్ షేఫర్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు నడిచేశాడు. మొదట వాళ్ళు నమ్మలేదు. షేఫర్ పసిఫిక్ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. కలిసి ఈ దారి నడుద్దామని చిన్నప్పుడు అనుకున్న స్నేహితుడు ఇవో జీమాలో చనిపోయాడు. ఒంట్లో పేరుకున్న యుద్ధాన్ని నడిచి వదిలించుకుందామనే బయల్దేరానని ఆయన చెప్పుకున్నాడు.

ఈ వరస చూస్తే నాకు ఒకటి అనిపిస్తుంది. భార్యని పోగొట్టుకున్నవాడు ఊహించాడు, స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు మొదట నడిచాడు, దెబ్బలు తిన్నావిడ ఆ తర్వాత వచ్చింది. ఈ దారి చరిత్రలో ఫిట్‌నెస్ అన్నమాట చాలా ఆలస్యంగా చేరింది.

1949 ఆగస్టు నేషనల్ జియోగ్రఫిక్‌లో ఈ ట్రెయిల్ మీద రంగుల ఫోటోలతో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. కొన్నాళ్ళకి అది ఎమ్మా చేతిలో పడింది. మామూలు ఆరోగ్యం ఉన్న ఎవరైనా నడవొచ్చు, దారి స్పష్టంగా గుర్తులు పెట్టి ఉంటుంది, ఒక రోజు నడకకొకటి చొప్పున తలదాచుకునే పాకలు ఉంటాయి అన్న అభిప్రాయం ఆ వ్యాసం కలిగించింది. మనం ట్రావెల్ వ్లాగులు చూసి మోసపోయినట్టే ఆవిడా మోసపోయింది. తర్వాత ఆ మాట ఆవిడే విలేఖరులతో చెప్పింది, ఇది ఇంత కష్టమని తెలిసుంటే మొదలే పెట్టేదాన్ని కాదని.

ఫార్వర్డులో ఎప్పుడూ రాని సంవత్సరం 1954. ఆ ఏడాది జులైలో, అరవై ఆరేళ్ళ వయసులో, ఆవిడ ఎవరికీ చెప్పకుండా మెయిన్ వెళ్ళి ఉత్తరపు చివరన ఉన్న కటాడిన్ పర్వతం ఎక్కి, అక్కడి నుంచి దక్షిణానికి నడక మొదలుపెట్టింది. ఇప్పుడు ఏ అనుభవజ్ఞుణ్ణి అడిగినా కొత్తవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టకూడదంటారు. కటాడిన్ ఈ దారి మొత్తంలో కఠినమైన ఎక్కుడుల్లో ఒకటి. అది దిగగానే సుమారు వంద మైళ్ళ మేర ఊరూ వాడా లేని అడవి. ఆవిడ కొద్ది రోజుల్లోనే దారి తప్పింది. కళ్ళజోడు పగిలింది. తిండి అయిపోయింది. చివరికి రెయిన్‌బో లేక్ అనే చెరువు దగ్గరికి ఎలాగో తిరిగొచ్చేసరికి అటవీ సిబ్బంది ఆవిడ కోసం వెతుకుతూ ఉన్నారు. ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళిపోయింది. పిల్లలకి ఈ సంగతి చెప్పలేదు.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఆ తర్వాతి నెలలు. 1955 మొదట్లో ఆవిడ డేటన్ నగరంలో ఉంది. ఇంటి చుట్టూ ఉన్న వీధుల్లో నడవడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. కొన్నాళ్ళకి ఇంకొంచెం. కాళ్ళు మండేదాకా, రోజురోజుకీ కాస్త పెంచుకుంటూ, ఏప్రిల్‌కల్లా రోజుకి పది మైళ్ళకి వచ్చింది. కొండా లేదు కోనా లేదు, పేవ్‌మెంటు మీద ఒక ముసలావిడ. ఫోటో తీయదగ్గది ఏమీ లేదు. తర్వాత మొదలుపెట్టే చివర మార్చుకుంది. అప్పట్లో దక్షిణపు కొస జార్జియాలోని ఒగల్‌థోర్ప్ పర్వతం (ఇప్పుడున్న స్ప్రింగర్ పర్వతానికి అది 1958లో మారింది). జార్జియాలో ముందే వేసవి వస్తుంది, మధ్యమధ్యలో ఊళ్ళు తగులుతాయి. కఠినమైన మెయిన్ అడవి చేరేనాటికి కాళ్ళలో నాలుగు నెలల నడక ఉంటుంది. అంటే ఓడిపోయి ఇంటికొచ్చి, ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుని, వరస మార్చింది. మా వృత్తిలో దీన్ని ఘనంగా పోస్ట్‌మార్టమ్ అంటాం, స్లైడ్లు కూడా వేస్తాం.

1955 మే 3న బయల్దేరింది. ఇంట్లోవాళ్ళకి కాస్త నడిచొస్తానని మాత్రమే చెప్పింది. ఎక్కడికని చెప్పలేదు, ఎంత దూరమని చెప్పలేదు. డెనిమ్ గుడ్డతో స్వయంగా కుట్టుకున్న సంచి ఒకటి, దాన్ని ఒక భుజాన వేసుకునేది. అందులో ఒక మిలిటరీ కంబళి, వాన వస్తే కప్పుకోడానికి బాత్రూములో కట్టే ప్లాస్టిక్ తెర, రెయిన్‌కోటు, టార్చిలైటు, చిన్న చాకు, అయోడిన్, బ్యాండ్-ఎయిడ్‌లు, విక్స్. తినడానికి ఎండుద్రాక్ష, వేరుశనగలు, డబ్బా సాసేజీలు, పాలపొడి, నీళ్ళలో కలుపుకునే బూయాన్ బిళ్ళలు. మొత్తం బరువు ఇరవై పౌండ్లు దాటలేదు, అంటే తొమ్మిది కిలోల లోపు. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. చలి రాత్రుల్లో బల్లపరుపు రాళ్ళు నిప్పుల దగ్గర వేడి చేసుకుని వాటి మీద పడుకునేది. పాక దొరక్కపోతే ఆకుల కుప్ప మీద, పిక్నిక్ బల్ల మీద, ఎవరింటి వరండాలోనో.

వర్జీనియాలో రోనొక్ చేరేదాకా పత్రికలవాళ్ళకి ఆవిడ సంగతి తెలీదు. తెలిశాక వెంటపడ్డారు. ఆగస్టులో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ రాసింది. అదే ఆగస్టులో కానీ, డయాన్ అనే రెండు తుఫానులు కొద్ది రోజుల తేడాతో తూర్పు తీరాన్ని ముంచాయి. వెర్మాంట్‌లో క్లారెండన్ లోయ దగ్గర వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. వెనకే నడిచొస్తున్న ఇద్దరు నేవీ కుర్రాళ్ళు వచ్చేదాకా ఆవిడ ఒడ్డున కూచుంది. వాళ్ళు ఆవిణ్ణి మధ్యలో పెట్టుకుని, ముగ్గురికీ కలిపి తాడు కట్టి అవతలికి చేర్చారు. సెప్టెంబరు 25న కటాడిన్ శిఖరం మీద రిజిస్టరులో సంతకం పెట్టింది, ఒక దేశభక్తి గీతంలో మొదటి చరణం పాడింది. 146 రోజులు. సగటున రోజుకి పద్నాలుగు మైళ్ళు. ఒంటరిగా, ఒకే విడతలో ఈ కొస నుంచి ఆ కొసకి నడిచిన మొదటి స్త్రీ.

ఇప్పుడు ఆ ఫార్వర్డు ప్రశ్నకి వద్దాం. ఆవిడ వృద్ధురాలు, నిజమే. లాంగ్ డిస్టెన్స్ హైకింగుకి కొత్త, అదీ నిజమే. కానీ ఆవిడ శరీరం కొత్తది కాదు. యాభై ఏళ్ళు పొలంలో, ఇంట్లో బరువులు మోసిన శరీరం. నా శరీరానికి ఆ చరిత్ర లేదు. ఈ తేడా చెప్పకుండా పోలిక తేవడం ఆవిడని పొగిడినట్టు కనిపిస్తుంది గానీ, ఆవిడ చేసిన చాకిరీని కనపడకుండా చేస్తుంది.

పోయినేడాది అలిపిరి మెట్లెక్కాను. 3,550 మెట్లు. మెట్టు మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడుతూ చెప్పుల్లేని కాళ్ళతో ఎక్కుతున్న పెద్దావిడలు నన్ను దాటుకుని పోయారు. ఎక్కడం ఆయాసంతో సరిపోయింది. దిగడం కూడా నడిచే దిగాలన్న బుద్ధి నాకే పుట్టింది. తర్వాత మూడు రోజులు ఆఫీసులో మెట్లు పక్కకి తిరిగి, రెయిలింగు పట్టుకుని దిగాను. ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపుతూ సాగుతుంది. సాగుతూ బరువు మోయడం అలవాటులేని కండరానికి ఎక్కువ దెబ్బ. మోకాలి మీద భారమూ దిగేటప్పుడే ఎక్కువ. ఇంకో చిక్కుంది. నడక మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే గుండె, ఊపిరితిత్తులు మెరుగవుతాయి, ఆయాసం తగ్గుతుంది. కీళ్ళ దగ్గరుండే టెండన్లకీ లిగమెంట్లకీ రక్తప్రసరణ తక్కువ, అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. అంచేత మూడో వారంలో మనిషికి ఓపిక వచ్చేస్తుంది, కాలికి రాదు. కొత్తవాళ్ళు దెబ్బతినేది సరిగ్గా ఆ సమయంలోనే. ఈ ట్రెయిల్ మీద అనుభవమున్నవాళ్ళు మొదటి రెండు వారాలూ రోజుకి ఎనిమిది పది మైళ్ళు దాటొద్దనేది, హుషారుగా ఉన్నరోజే ఆగమనేది అందుకే. ఎమ్మా డేటన్ వీధుల్లో తిరిగిన చుట్లు ఆ నెలల లెక్క కిందికే వస్తాయి.

నిజంగా ఒళ్ళు వంగని, వయసు మళ్ళుతున్న కొత్తవాడి కథ కావాలంటే వేరే చోట వెతకాలి. 1996 మార్చిలో బిల్ బ్రైసన్ అనే రచయిత, వయసు 44, జార్జియాలో ఇదే దారి మీద అడుగుపెట్టాడు. తోడు వచ్చిన పాత స్నేహితుణ్ణి పుస్తకంలో స్టీఫెన్ కాట్జ్ అని పేరు మార్చి రాశాడు. లావుపాటి మనిషి, తాగుడు మానుకున్నవాడు. మొదటిరోజే బరువు మోయలేక కాట్జ్ తన సంచిలోంచి తిండి సామాన్లు తీసి అడవిలోకి విసిరేస్తాడు. అది చదివి పడీపడీ నవ్వుతాం. కానీ ఇద్దరి మూటలూ పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వు ఆగిపోతుంది. బ్రైసన్ ఖరీదైన సామాను దాదాపు నలభై పౌండ్లు, ఎమ్మా మూటకి రెండింతలు. కొనుక్కోగల స్తోమత ఉన్నవాడు భయపడిన ప్రతిదానికీ ఒక వస్తువు కొంటాడు. ఆ భయాల బరువంతా మోకాళ్ళ మీద పడుతుంది. 1990లలో రే జార్డిన్ లాంటివాళ్ళు తేలికైన సంచితో నడవడాన్ని ఒక పద్ధతిగా ప్రచారం చేశాక, ఎమ్మా వాళ్ళందరికీ ముందుతరం మనిషని జనం గుర్తించారు. ఆవిడకైతే అది సిద్ధాంతమేమీ కాదు, ఉన్నది అంతే.

కొన్ని వారాల తర్వాత గాట్లిన్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక దుకాణంలో బ్రైసన్, కాట్జ్ గోడకి తగిలించిన ట్రెయిల్ మ్యాపు చూస్తారు. నాలుగడుగుల పొడవు మ్యాపులో అప్పటిదాకా తాము నడిచింది రెండంగుళాలు. అక్కడితో మొత్తం నడవాలన్న ఆలోచన మానుకుని, కారులో ముందుకి పోయి అక్కడక్కడా నడుస్తారు. చివర్లో మెయిన్ అడవిలో, నలభై ఏళ్ళ కింద ఎమ్మా దారితప్పిన ప్రాంతంలోనే, చేతులెత్తేస్తారు. బ్రైసన్ తన లెక్క తనే వేసుకున్నాడు: 870 మైళ్ళు, మొత్తంలో 39.5 శాతం. ఆ భిన్నాన్ని దాచకుండా అచ్చేయడం నాకు ఆ పుస్తకంలో నచ్చింది. ఇవాళ్టికీ మొత్తం నడవాలని బయల్దేరినవాళ్ళలో పూర్తిచేసేది నలుగురిలో ఒక్కరే. ఆ మిగతా ముగ్గురిలో కుర్రాళ్ళూ బోలెడుమంది.

ఎమ్మా మూటని అలాగే అనుకరించమని మాత్రం నేను చెప్పను. టెంటు లేకుండా బయల్దేరిన ఆవిడకి చాలా రాత్రులు ఎవరి తలుపో తట్టాల్సొచ్చింది. కొందరు మొహం మీదే తలుపు వేశారు, చాలామంది పడకా భోజనమూ ఇచ్చారు. అది 1955 దక్షిణాది. తెల్ల ముసలావిడ కాబట్టి చీకట్లో పల్లెటూరి తలుపు తట్టగలిగింది. ఇదే దారి మీదున్న షెనాండో నేషనల్ పార్కులో నల్లవాళ్ళ కోసం లూయిస్ మౌంటెన్ అని విడిగా ఒక చోటు కేటాయించి, 1950 నాటికి గానీ ఆ విభజన పూర్తిగా తీసేయలేదు. ఎమ్మా తుఫానుల్లో తడుస్తున్న ఆ ఆగస్టులోనే మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి చంపేశారు. అదే వయసున్న ఒక నల్లజాతి అమ్మమ్మ అదే సంచితో జార్జియాలో బయల్దేరి ఉంటే ఎన్ని తలుపులు తెరుచుకునేవి? మీరెందుకు చేయలేరన్న ప్రశ్న ఎవరిని అడుగుతున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఈ సందర్భంలో నాకు మన ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ వెళ్ళొచ్చి ‘కాశీయాత్ర చరిత్ర’ రాశాడు. అప్పటికి ఆయనది యాభై ఏళ్ళ ప్రాయం. మొదటిసారి చదువుతూ అంత దూరం నడిచాడా అని నోరెళ్ళబెట్టాను, తర్వాత పల్లకి సంగతి పట్టించుకున్నాను. నడిచింది బోయీలు. దారిలో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, సత్రం ఎలా ఉంది, రోడ్డు ఎలా ఉంది అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. బోయీల మోకాళ్ళ గురించి వాళ్ళు రాసుకున్న పుస్తకం మనకి లేదు. నడిచిన మనిషే తన నడక గురించి చెప్పడం చరిత్రలో అంత మామూలు సంగతేం కాదు. ఎమ్మా దారిపొడవునా నోట్సు రాసుకుంది, అందుకే మాంట్‌గొమెరీకి పుస్తకం రాయడం కుదిరింది.

టీవీవాళ్ళు పిలిస్తే వెళ్ళింది, గ్రౌచో మార్క్స్ షోలో కూచుని జోకులేసింది. దారి బాగోలేదని మొహమాటం లేకుండా చెప్పింది. పడిపోయిన చెట్లు తీయలేదు, తగలబడిన పాకలు మళ్ళీ కట్టలేదు, గుర్తులు చెరిగిపోయాయి. ట్రెయిల్ నిర్వహణంతా వాలంటీర్లది, పత్రికల్లో ఈ మాటలు చదివి వాళ్ళకి కాస్త తలకొట్టేసినట్టే అయ్యుంటుంది. 1968లో కేంద్ర చట్టం వచ్చి ఇది నేషనల్ సీనిక్ ట్రెయిల్ అయ్యేనాటికి, అపలాచియన్ ట్రెయిల్ అనగానే సామాన్య జనానికి గుర్తొచ్చే మొహాల్లో ఒకటి ఆవిడది. అమ్మమ్మ గేట్‌వుడ్ అని పిలవడం పత్రికలకి బాగుంది. అమ్మమ్మ అన్నాక ఇంకేమీ అడగక్కర్లేదు కదా.

1957లో ఆవిడ మళ్ళీ మొత్తం నడిచింది. రెండుసార్లు పూర్తిచేసిన మొదటి మనిషి, ఆడా మగా ఎవరిలోనైనా. 1959లో, 71 ఏళ్ళప్పుడు, ఇండిపెండెన్స్ నుంచి పోర్ట్‌లండ్ దాకా ఒరెగాన్ ట్రెయిల్ సుమారు రెండువేల మైళ్ళు. 1964కల్లా అపలాచియన్ దారిని ముక్కలు ముక్కలుగా మూడోసారి ముగించింది. ఆ తర్వాత ఒహాయోలో బక్‌ఐ ట్రెయిల్ అనే కొత్త దారి వేస్తుంటే, చెట్లకి రంగు గుర్తులు వేస్తూ, పొదలు నరుకుతూ తిరిగింది. 1973 జూన్ 4న, 85 ఏళ్ళ వయసులో పోయింది.

హాకింగ్ హిల్స్ అనే చోట ఏటా జనవరి చలిలో జరిగే ఒక నడకకి ఆవిడ చివరి ఏళ్ళలో ముందుండేది. ఓల్డ్ మ్యాన్స్ కేవ్ నుంచి ఆష్ కేవ్ దాకా, ఆరు మైళ్ళు. ఆ ముక్కకి ఇప్పుడు ఆవిడ పేరే పెట్టారు. ఆ నడక ఇప్పటికీ జరుగుతోంది, వేలమంది వస్తారు. వాళ్ళలో చాలామంది హైకర్లేమీ కాదు. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, చేతికర్ర పట్టుకున్నవాళ్ళు, ఏడాదిలో నడిచేదే ఆ ఒక్క రోజైనవాళ్ళు. సగం దారిలో సీడార్ ఫాల్స్ అనే జలపాతం దగ్గర ఆగితే వేడి వేడి చిక్కుడుగింజల సూపూ, మొక్కజొన్న రొట్టే పెడతారు.